యాభై కేబీల్లో మన ముఖం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు ముందు మేము ఒప్పుకోలేదు. కవితలు రాసేవాళ్లు మనలో ఉన్నారు. పాత రోజులను కళ్లకు కట్టినట్టు రాసే అన్నయ్యలు ఉన్నారు. మాకు ఆ విద్య రాదు. అయితే ఒక విషయం చాలాకాలంగా మనసులో ఉండిపోయింది. అది చెబితే మీలో ఒక్కరికైనా పనికొస్తుందన్న ఆశతో ఈ నాలుగు పేజీలు రాస్తున్నాం. విషయం వింటే నవ్వుతారేమో. వెబ్ సైట్ లో పెట్టడానికి ఫోటోను ఎలా సిద్ధం చేసుకోవాలి, దాని సైజు ఎలా తగ్గించాలి అన్నదే ఈ వ్యాసం.

మేము అంటే ఎవరని మీరు అడగవచ్చు. కలం పట్టినవాడు ఒక్కడే. కానీ ఆమదాలవలస హాస్టల్ లో చివరి గదిలో నలుగురం ఉండేవాళ్లం. నలుగురికీ కలిపి ఒకే బకెట్టు, ఒకే తాళం కప్ప. ఒకడి ట్రంకు పెట్టె మీద ఇంకొకడు నోట్సు పెట్టుకుని రాసుకునేవాడు. నాలుగు ఇళ్లలోనూ డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు రాయబోయేది నలుగురం కలిసి నేర్చుకున్నది, కలిసి పోగొట్టుకున్నది. అందుకే "నేను" అని రాయబోతే చెయ్యి సాగలేదు.

2022లో మేము డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా ఒక ఉద్యోగ పరీక్షకు నోటిఫికేషన్ పడింది. మాలో ఒకడు దానికోసం రెండేళ్లుగా చదువుతున్నాడు. మెస్ లో అన్నం తింటూ కూడా పక్కన జనరల్ నాలెడ్జి పుస్తకం పెట్టుకునేవాడు. ఉదయం నాలుగు గంటలకు లేచి వరండా లైటు కింద లెక్కలు చేసేవాడు. దరఖాస్తుకు నెల రోజులు గడువు ఉంది. గడువు ఉందిలే అనుకున్నాం. కుల ధ్రువీకరణ పత్రం చేతికి వచ్చేసరికి చివరి రోజు వచ్చేసింది.

సాయంత్రం అతని ఫోన్ లోనే దరఖాస్తు నింపడం మొదలుపెట్టాం. పేరు, ఊరు, మార్కులు అన్నీ ఎక్కాయి. ఫోటో దగ్గర ఆగింది. స్టూడియోలో తీయించుకున్న పాస్ పోర్ట్ సైజు ఫోటోను బల్ల మీద పెట్టి, ఫోన్ తో దానికి ఫోటో తీసి పంపించాం. ఫైలు సైజు ఎక్కువగా ఉందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్లీ తీశాం. మళ్లీ అవే ఎర్ర అక్షరాలు. మా ఫోటో నాలుగు ఎంబీలు ఉంది. వాళ్లు అడిగింది యాభై కేబీలలోపు. ఎంబీకీ కేబీకీ ఎంత తేడా ఉందో అప్పటికి మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అగ్గిపెట్టె అంత ఫోటో ఎక్కువ కావడమేమిటని మేము ఆశ్చర్యపోయాం.

రాత్రి తొమ్మిదింటికి పరుగెత్తి ఒక నెట్ సెంటర్ కు వెళ్లాం. మాలాంటివాళ్లు అప్పటికే అక్కడ వరసలో నిలబడి ఉన్నారు. మా వంతు వచ్చేసరికి పదిన్నర దాటింది. అక్కడి కుర్రాడు ఫోటోను తగ్గించాడు. ఈసారి సైజు మరీ తక్కువైందని వచ్చింది. పెంచాడు. ఫోటో ఎక్కింది. సంతకం దగ్గర మళ్లీ ఆగింది. ఇంతలో కరెంటు పోయింది. వచ్చేసరికి పన్నెండు దాటిపోయింది.

హాస్టల్ కి నడిచి వస్తున్నప్పుడు ఎవరమూ మాట్లాడలేదు. రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి పోయేదాకా ఆగాం. అప్పుడు వాడన్నాడు, "మార్కులు చాలక పోయుంటే ఇంత బాధ నేదురా. నా మొకమే ఎక్కువైపోనాదంట."

ఆ తర్వాత ఏడాది వాళ్ల ఇంట్లో ఇబ్బందులు వచ్చాయి. వాడు హైదరాబాద్ కు అపార్టుమెంట్ల పనికి వెళ్లిపోయాడు. ఆ దరఖాస్తు వెళ్లి ఉంటే ఉద్యోగం వచ్చేదని మేము చెప్పలేం. పరీక్ష రాసే అవకాశం ఉండేదని మాత్రం చెప్పగలం. రెండేళ్లు చదివినవాడు పరీక్ష హాలు గుమ్మం కూడా చూడకుండా వెనక్కి వచ్చాడు. అందుకు కారణం వాడి చదువు కాదు, ఒక ఫోటో బరువు. ఈ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

పీజీకి విశాఖపట్నం వెళ్లాక లైబ్రరీలో కంప్యూటర్ దొరికింది. ఫోటో బరువు సంగతి తేల్చుకుందామని కూర్చున్నాం. చదివేది లెక్కల సబ్జెక్టే కాబట్టి మాకు ఇది కొంత తొందరగా పట్టుబడింది.

తమ్ముళ్లూ, ముందు ఒక చిన్న లెక్క చూడండి. కంప్యూటర్ కు ఫోటో అంటే చుక్కల ముగ్గు. ఆ చుక్కనే పిక్సెల్ అంటారు. ఇప్పటి ఫోన్లలో పన్నెండు మెగాపిక్సెల్ కెమెరా మామూలే. అంటే అడ్డంగా 4,000 చుక్కలు, నిలువుగా 3,000 చుక్కలు, మొత్తం 1 కోటి 20 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలు రాసుకోవాలి. మొత్తం 3 కోట్ల 60 లక్షల అంకెలు. ఉన్నది ఉన్నట్టు దాచుకుంటే 36 ఎంబీల ఫైలు అవుతుంది. ఫోన్ దాన్ని తనే కుదించి మూడు నాలుగు ఎంబీలకు తెచ్చి దాస్తుంది.

బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నడిపే ఐబీపీఎస్ వారి నోటిఫికేషన్లు తీసి చూడండి. ఫోటో 200 చుక్కల వెడల్పు, 230 చుక్కల ఎత్తు ఉంటే మంచిదని, ఫైలు 20 నుంచి 50 కేబీల మధ్య ఉండాలని రాస్తారు. 200ని 230తో గుణిస్తే 46,000 చుక్కలు. మన ఫోన్ తీసిన 1 కోటి 20 లక్షలతో పోలిస్తే ఇది రెండు వందల అరవయ్యో వంతు. మేము ఆ రాత్రి చేసిన తప్పు ఇక్కడే ఉంది. చుక్కలు తగ్గించకుండా బరువు తగ్గాలని చూశాం. ముందు చుక్కలు తగ్గించుకుంటే బరువు చాలావరకు దానంతట అదే దిగిపోతుంది.

అంత చిన్నది ఎందుకు అడుగుతారని మాకు కోపం వచ్చేది. లెక్క వేస్తే కోపం కొంత తగ్గింది. మన ఊళ్లలో సిగ్నల్ బాగా లేనప్పుడు సెకనుకు వంద కిలోబిట్లు వస్తోందనుకోండి. నాలుగు ఎంబీల ఫోటో వెళ్లడానికి అయిదు నిమిషాలు దాటుతుంది. యాభై కేబీల ఫోటో నాలుగు సెకన్లలో వెళ్లిపోతుంది. లక్షల మంది ఒకేసారి దరఖాస్తు పెడితే అవతల దాచుకోవడానికి చోటు కూడా కావాలి. నియమంలో న్యాయం ఉంది. ఆ నియమం గురించి మాకు ముందుగా చెప్పినవాళ్లు లేకపోవడమే మా ఇబ్బంది.

చుక్కలు తగ్గించాక మిగిలేది కుదింపు. ఫోటోలకు ఎక్కువగా వాడే జేపెగ్ పద్ధతి 1992లో ప్రమాణంగా ఏర్పడింది. అది ఫోటోను చిన్న చిన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, మొత్తం 64 చుక్కలు. ఆ 64 చుక్కల వెలుగును విడివిడిగా చెప్పడానికి బదులు, ఈ గడిలో సగటు వెలుగు ఇంత, నెమ్మదిగా మారేది ఇంత, వేగంగా మారేది ఇంత అని కొన్ని అలల కూడికగా చెబుతుంది. ఆ అలలు మనం ఇంటర్ లో చదివిన కొసైన్ అలలే.

మన జిల్లా వాళ్లకు దీన్ని తప్పెటగుళ్లతో చెప్పవచ్చు. ఊరి చివర తప్పెటగుళ్లు ఆడుతుంటే ఇంట్లో ఉన్న మనకు దరువు వినబడుతుంది. కాలి గజ్జెల చప్పుడు వినబడదు. వినబడకపోయినా అది ఏ దరువో చెప్పేస్తాం. మన కన్ను కూడా అలాంటిదే. నెమ్మదిగా మారే వెలుగునీడలను బాగా పట్టుకుంటుంది, సన్నని గజిబిజిని అంతగా పట్టించుకోదు. వెలుగులో తేడాను కనిపెట్టినంతగా రంగులో తేడాను కనిపెట్టదు. జేపెగ్ ఈ రెండు బలహీనతలనూ వాడుకుంటుంది. గజ్జెల చప్పుడు లాంటి అంకెలను ముతకగా సవరిస్తుంది. వాటిలో చాలావరకు సున్నాలైపోతాయి. వరసగా వచ్చిన సున్నాలను ఒక్కొక్కటిగా రాయకుండా ఇన్ని సున్నాలు అని ఒక్కమాటలో రాసుకుంటుంది. వార్డెన్ గారు హాజరు పట్టీలో వంద పేర్లు పిలవకుండా "ఫలానా ఇద్దరు తప్ప అందరూ ఉన్నారు" అని రాసుకున్నట్టు.

ఈ కొసైన్ ఉపాయం ఎవరిదా అని వెతికితే మాకు ఆశ్చర్యమూ ఆనందమూ కలిగాయి. దీన్ని ఆలోచించినవారు బెంగళూరులో 1940లో పుట్టిన నాసిర్ అహ్మద్. ఆయన అమెరికాలో ప్రొఫెసర్ గా ఉంటూ 1972లో ఈ పరిశోధనకు డబ్బు సాయం కావాలని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కు దరఖాస్తు పెట్టుకున్నారు. ఆలోచన మరీ సులువుగా ఉందన్న అభిప్రాయం వచ్చి ఆ దరఖాస్తు తిరస్కరించబడింది. ఆయన పని మానలేదు. తన విద్యార్థి టి. నటరాజన్ తోనూ, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ లో పనిచేసే కె.ఆర్. రావు గారితోనూ కలిసి 1974 జనవరిలో ఆ వ్యాసం అచ్చు వేయించారు. రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహన రావు. ఆయన చెన్నైలోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకుని అమెరికా వెళ్లారు. 2021 జనవరిలో కన్నుమూశారు. మన ఊళ్ల హాజరు పట్టీలో కనబడే లాంటి పేరు మన ప్రతి ఫోటో వెనక ఉందని తెలిసిన రోజు, హైదరాబాద్ లో ఉన్న మా వాడికి ఫోన్ చేసి చెప్పాం. వాడు కాసేపు ఆలోచించి, "ఆయన దరకాస్తు కూడా ఎనక్కి ఒచ్చీసిందా?" అని అడిగాడు. అవునన్నాం. "అయితే ఫర్లేదు," అన్నాడు.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. మేము ఎదురుదెబ్బలు తిని నేర్చుకున్న వరస ఇది.

మొదట నోటిఫికేషన్ లో ఫోటో గురించి రాసిన పేరా చదవండి. పరీక్ష పరీక్షకూ కొలతలు మారతాయి. నిరుడు పనికొచ్చినది ఈ ఏడాది పనికిరాకపోవచ్చు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారు 2024లో కొత్త వెబ్ సైట్ వచ్చాక ఫోటోను అప్పటికప్పుడు కెమెరాతో తీసుకునే పద్ధతి పెట్టారు. అలాంటి చోట తెల్లగోడ, ముఖం మీద సమంగా పడే వెలుగు ముందే చూసుకోవాలి. మన వరండాలో ఉదయం ఎనిమిదింటికి వచ్చే వెలుగు చాలా బాగుంటుంది. నెత్తి మీద ట్యూబ్ లైటు ఉంటే కళ్ల కింద నీడ పడుతుంది.

రెండోది, కాగితం ఫోటోకు ఫోన్ తో ఫోటో తీయకండి. ముఖాన్నే నేరుగా తీయండి. తీశాక అసలు ఫైలును ఒక చోట దాచి, దాని నకలు మీదే పని చేయండి. జేపెగ్ ను తెరిచి మార్చి దాచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. పోయినది తిరిగి రాదు. చిన్నదాన్ని మళ్లీ పెద్దది చేస్తే చుక్కలు పెరుగుతాయి గాని ముఖం స్పష్టం కాదు. నెట్ సెంటర్ కుర్రాడు ఆ రాత్రి చేసింది అదే. తగ్గించినదాన్నే పెంచాడు. ఆ ఫోటోలో మా వాడి కళ్లు రెండు నల్ల మచ్చల్లా ఉన్నాయి.

మూడోది వరస. ముందు అనవసరమైన చుట్టుపక్కల భాగాన్ని కత్తిరించాలి. తర్వాత చుక్కల కొలత తగ్గించాలి. ఆఖరున నాణ్యత తగ్గించాలి. నాణ్యతను వందలో ఎనభై దాకా దించితే ఫైలు బాగా తగ్గుతుంది, కన్నుకు తేడా కనిపించదు. నలభై కంటే కిందికి దించితే జుట్టు అంచున, కళ్ల చుట్టూ గళ్లు తేలతాయి. ఇందాక చెప్పిన ఎనిమిదెనిమిది చుక్కల గళ్లు అవే. కత్తిరించేటప్పుడు నిలువు అడ్డం నిష్పత్తి చెడకుండా చూసుకోండి. లేకపోతే ముఖం సాగిపోయి మనల్ని మనమే గుర్తుపట్టలేం.

నాలుగోది సంతకం. ఇక్కడ ఇబ్బంది తలకిందులుగా ఉంటుంది. తెల్లకాగితం మీద నాలుగు గీతలే కాబట్టి అది మరీ తేలికైపోతుంది. 10 నుంచి 20 కేబీలు అడిగితే మనది నాలుగు కేబీలకు దిగిపోయి తిప్పికొడుతుంది. మా వాడి దరఖాస్తు ఆగింది ఇక్కడే. నాణ్యత నూటికి నూరు ఉంచి, అవసరమైతే చుక్కలు కొంచెం ఎక్కువ ఉంచాలి. నల్ల ఇంకు పెన్నుతో, గీతలు లేని తెల్లకాగితం మీద సంతకం చేయాలి.

అయిదోది, ఫైలు పేరు చివర ఉన్న పీఎన్ జీ అన్న అక్షరాలను చెరిపి జేపీజీ అని రాసినంత మాత్రాన ఫైలు మారదు. ఇంకుడు మరకను చెరిపి చక్కెర అని పేరు రాసినట్టు ఉంటుంది అది. తెరిచి, జేపెగ్ గా దాచాలి. 1996లో వచ్చిన పీఎన్ జీ ఏమీ పోగొట్టకుండా దాచే పద్ధతి. అక్షరాలు, గీతలు, ముద్రలు ఉన్న బొమ్మలకు అది మంచిది. ముఖాలకు జేపెగ్ మంచిది. సొంతంగా వెబ్ పేజీ పెట్టుకునేవాళ్లకు గూగుల్ వారు 2010లో తెచ్చిన వెబ్ పీ ఇంకా తేలిక. కానీ దరఖాస్తుల్లో వాళ్లు ఏది అడిగితే అదే ఇవ్వాలి.

ఆరోది, వాట్సాప్ లో ఫోటోగా పంపితే అది తన లెక్కలో మళ్లీ కుదించి పంపుతుంది. డాక్యుమెంట్ గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. చాలామంది అన్నయ్యలు తమ ఫోటోలు మాకు మొదటి పద్ధతిలో పంపి, "ఇంత మసకగా ఉందేంట్రా?" అని మమ్మల్నే కోప్పడ్డారు.

ఆఖరుది అన్నింటికంటే ముఖ్యం. సంతకాన్నీ వేలిముద్రనూ ముక్కూమొహం తెలియని వెబ్ సైట్లలో పెట్టి కుదించకండి. అవి మన ఇంటి తాళాలు. కంప్యూటర్ లో ఉండే పెయింట్ చాలు. ఉచితంగా దొరికే గింప్ ఇంకా మంచిది. స్క్వూష్ అనేది బ్రౌజర్ లోనే పనిచేస్తుంది, ఫోటో మన కంప్యూటర్ దాటి పోదు. నెట్ సెంటర్ లో పని చేయించుకుంటే, లేచే ముందు మన ఫైళ్లు అక్కడి నుంచి తీసేయమని అడగండి. అడగడంలో తప్పు లేదు.

వేలిముద్ర అన్నాం కదా. దాని గురించి ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

మా నాన్న రైసు మిల్లులో కలాసీ. ముప్పై ఏళ్లుగా బస్తాలు మోస్తున్నాడు. గోనెపట్టా ఒరిపిడికి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ మీద బొటనవేలు పెడితే ఎర్ర దీపం వెలుగుతుంది. తుడుచుకుని పెడతాడు. మళ్లీ ఎర్ర దీపం. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. చివరకు అమ్మ వెళ్లి వేలు పెట్టాల్సి వస్తుంది. సంతకం రాని మనిషికి ఆ వేలే సంతకం. అదీ చెల్లకపోతే ఆయన ముఖం చిన్నబోయేది. బియ్యం సంచి అమ్మే పట్టుకుని వస్తుంటే ఆయన నాలుగు అడుగులు వెనక నడిచేవాడు.

నిరుడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక బ్యాంకు పరీక్షకు దరఖాస్తు నింపుతున్నాం. దానికి ఫోటో, సంతకం, చేతిరాతతో ఒక హామీ పత్రం, వాటితో పాటు ఎడమ బొటనవేలి ముద్ర కూడా పెట్టాలి. స్టాంపు ప్యాడ్ మీద వేలు అద్ది తెల్లకాగితం మీద వేయడం నాన్న చూశాడు.

"ఏటిరా, ఇంత సదివినోడివి నువ్వూ ఏలిముద్రేనా?" అన్నాడు.

ముద్రకు ఫోటో తీసి ఎక్కించబోతే సైజు ఎక్కువైందని వచ్చింది. తొందరపాటులో తగ్గించుకుని వెళ్లలేదు. సంగతి ఏమిటని నాన్న అడిగాడు. వేలిముద్ర ఫైలు పెద్దదైపోయిందని చెప్పాం. ఆయన పెద్దగా నవ్వాడు.

"నా ఏలేమో మిసనుకి అందనేదు. నీ ఏలేమో మిసన్లో పట్టనేదు. బాగుంది వరస!"

లాప్ టాప్ పక్కన కూర్చోబెట్టుకుని ఆయనకు చూపించాం. ముద్రను 240 చుక్కల చదరంగా కత్తిరించాం. నాణ్యత ఎనభైలో ఉన్నప్పుడు గీతలు పొలంలో చాళ్లలా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆట పట్టించడానికి నాణ్యతను ఇరవైకి, పదికి దించుతూ పోయాం. చాళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అయిదుకు వచ్చేసరికి బూడిదరంగు మరక మిగిలింది. నాన్న నవ్వు ఆపేశాడు. తన బొటనవేలు తెర దగ్గర పెట్టి చూసుకున్నాడు.

"ఇదిగో, ఇది నాది," అన్నాడు.

మాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. కుదింపు గురించి అప్పటిదాకా చదివినదంతా ఆ ఒక్క మాటలో ఉంది. సన్నని గీతలే ముందు పోతాయి. మిషన్ మనిషిని గుర్తుపట్టేది ఆ సన్నని గీతలతోనే. నాణ్యతను మళ్లీ ఎనభైకి తెచ్చి, 31 కేబీల ఫైలు దాచాం. సబ్మిట్ బటన్ నాన్న చేత నొక్కించాం. ఏ వేలితో నొక్కాలని అడిగాడు. ఏ వేలైనా సరే అన్నాం. ఆయన బొటనవేలితోనే నొక్కాడు. ఈసారి ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

ఇక మా రెండో తప్పు కూడా చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది. ఈ వార్షికోత్సవం కోసం పూర్వ విద్యార్థుల పేరిట చిన్న వెబ్ పేజీ తయారుచేసే పని మా మీద పడింది. వార్డెన్ గారి గదిలో గోడకు ఉన్న 2018 పదో తరగతి గ్రూపు ఫోటోను తీసి స్కాన్ చేయించాం. పది అంగుళాలు పన్నెండు అంగుళాల ఫోటో. అంగుళానికి మూడు వందల చుక్కల చొప్పున 3,600 అడ్డం, 3,000 నిలువు వచ్చింది. ఫోన్ లో తొందరగా తెరుచుకోవాలని అంచులు కత్తిరించి, వెడల్పు 600 చుక్కలకు తగ్గించాం. అరవై కేబీలు వచ్చింది. తేలికగా తెరుచుకుంటోందని సంబరపడ్డాం.

సాయంత్రం హాస్టల్ లో మా కామాటి అత్తకు ఫోన్ లో చూపించాం. ఆవిడ మనకు కంచాలు కడిగింది, జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చింది, ఇంటి మీద బెంగతో ఏడిస్తే పక్కన కూర్చుంది. ఫోన్ ను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి వెతికింది. "బావూ, నేను ఈ పక్కన తలుపు కాడ నిలబడ్డాను కదా, నేనేనా?" అని అడిగింది.

ఫోటో మధ్యలో బాగుండాలని మేము కత్తిరించిన అంచులోనే ఆవిడ ఉంది. వెనక వరసలో బెంచీ మీద నిలబడినవాళ్ల ముఖాలు కూడా కలిసిపోయాయి. వాళ్లలో హైదరాబాద్ వెళ్లిపోయిన మా వాడు ఒకడు. వార్డెన్ గారు, మాస్టార్లు, ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్లు మాత్రం చక్కగా ఉన్నారు.

ఆ రాత్రి కూర్చుని మళ్లీ మొదటినుంచి చేశాం. అంచు కత్తిరించలేదు. పేజీలో ముందు కనిపించేందుకు 800 చుక్కల చిన్న ఫోటో పెట్టాం. దాన్ని నొక్కితే 2,400 చుక్కల పెద్ద ఫోటో తెరుచుకునేలా చేశాం. అది అయిదు వందల కేబీలకు పైనే ఉంది. సిగ్నల్ లేనిచోట నలభై సెకన్లు పడుతుంది. పట్టనివ్వండి. ఆ ఫోటోలో తలుపు దగ్గర కామాటి అత్త కొంగు పట్టుకుని నిలబడి ఉంది. వెనక వరసలో మా వాడు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. అసలు స్కాన్ ను కుదించకుండా హాస్టల్ కంప్యూటర్ లోనూ, ఒక పెన్ డ్రైవ్ లోనూ దాచాం. ఆ పెన్ డ్రైవ్ వార్డెన్ గారి బీరువాలో ఉంటుంది.

తమ్ముళ్లూ, మీకు ఒక చిన్న పని చెప్పి ముగిస్తాం. ఈ ఆదివారమే హాస్టల్ కంప్యూటర్ ముందు కూర్చోండి. మీ పేరుతో పెన్ డ్రైవ్ లో ఒక ఫోల్డర్ తెరవండి. అందులో మీ ముఖం, సంతకం, వేలిముద్ర, ధ్రువపత్రాలు అసలు సైజులో దాచండి. పక్కనే కుదించిన నకళ్లు పెట్టుకోండి. పదో తరగతి వాళ్లు తొమ్మిదో తరగతి వాళ్లకు నేర్పండి. ఒక గంట పని. నోటిఫికేషన్ వచ్చిన రోజునే దరఖాస్తు పెట్టండి, చివరి రాత్రి దాకా ఆగకండి.

హైదరాబాద్ లో ఉన్న మా వాడు మొన్న ఫోన్ చేశాడు. మళ్లీ ఏదో నోటిఫికేషన్ పడిందట, వయసు ఇంకా ఉందట. ఫోటో వాడే తీసుకుని, వాడే తగ్గించి, సరిచూడమని మాకు పంపాడు. డాక్యుమెంట్ గానే పంపాడు. 200 చుక్కలు, 230 చుక్కలు, 38 కేబీలు. మధ్యాహ్నపు వెలుగులో ఎండకు నల్లబడిన ముఖం, రెండు కళ్లూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. చివరి తేదీకి ఇంకా ఇరవై రెండు రోజులు ఉంది.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.